అందరితోపాటు చేతులెత్తిన పిల్ల

కొత్తగా అంగన్‌వాడీ కేంద్రం తాళంచెవి చేతికి తీసుకున్న చెల్లెళ్లారా, ఇది మీ కోసం రాస్తున్నాను. నా పేరు బాలమణి. నారాయణపేట దగ్గర ఒక చేనేత ఊళ్ళో ముప్పై ఏళ్లకు పైగా పసిపిల్లలతోనే గడిపాను. రిజిస్టర్లు ఎలా నింపాలో, పిల్లల తూకం ఎలా వేయాలో మీకు శిక్షణలో చెప్తారు. నా జీతం ఎప్పుడు ఎంత పెరిగిందో నాకే గుర్తు లేదు. అవన్నీ వదిలేస్తాను.

నాకు గుర్తున్నది మంజుల. ఆ పిల్లకు చెవులు వినబడవని రెండేళ్లపాటు నేను కనిపెట్టలేదు. రోజూ నా ఎదుటే కూర్చున్న పిల్ల. ఆ రెండేళ్లు మాటలు నేర్వాల్సిన వయసు, అది నా చేతుల్లోనే పోయింది. ఇంట్లో వాళ్లు "అయిపోయినదాన్ని ఎందుకు తవ్వుకుంటవు" అంటారు. తవ్వుకోకపోతే మీకెట్లా తెలుస్తుంది?

గుడ్డు ముట్టని పిల్లలు

పసిపిల్లలు మనం చెప్పింది నేర్చుకుంటారని మనకొక భ్రమ. వాళ్లు ముందు పక్కవాడు చేసేది నేర్చుకుంటారు. ఈ సంగతి నాకు మరియమ్మ ఆయాగా వచ్చిన మొదటి వారంలో తెలిసింది. తెలంగాణ వచ్చిన కొత్తలో అది. పాత ఆయమ్మ వయసైపోయి మానేస్తే మరియమ్మను తీసుకున్నారు. ఊరి చివరి వాడలో ఇల్లు, ఆదివారం ప్రార్థనకు పోయే కుటుంబం. వాళ్ల నాయిన బతికినన్నాళ్లూ ఒకరి పొలంలో కూలి చేసినవాడే. మరియమ్మ చేతి వంట ఎంత శుభ్రమంటే, నా ఇంటి వంట చూసి నేనే సిగ్గుపడేదాన్ని.

ఆమె వండిన మొదటిరోజే ఒక రైతు ఇంటి పిల్లవాడు గుడ్డును పళ్లెంలో పక్కకు నెట్టేశాడు.

"ఎందుకు తింటలేవు బిడ్డా?" అన్నాను.

"మా అవ్వ వద్దన్నది."

ఎందుకు వద్దన్నదో వాడికి తెలియదు. గుడ్డంటే వాడికి ప్రాణం కూడా. మర్నాడు వాడికి అటూ ఇటూ కూర్చునే ఇద్దరు నెట్టేశారు. వాళ్ల ఇళ్లకు పోయి అడిగాను. మేమేమీ అనలేదని ఒట్టు పెట్టారు. మూడోరోజుకు గది నిండా అందరి పళ్లేల అంచులకు గుడ్లే. మరియమ్మ సొంత చెల్లెలి కొడుకు కూడా నెట్టేశాడు!

"ఇంటికాడ నా చేతి బువ్వనే తింటడక్కా. నిన్న గూడ నేనే తినిపిచ్చిన" అని మరియమ్మ పొయ్యి దగ్గర కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వానికేం తెల్వదు, వాని మీద నాకు కోపం గూడ లేదు."

నాకు వచ్చింది కోపం. ఆ అవ్వ ఇంటికి పోయి నాలుగు మాటలన్నాను, ఆమె నన్ను ఎనిమిదన్నది. పెద్దవాళ్లతో పెట్టుకుని లాభం లేదనుకుని, మర్నాడు పిల్లల మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. "మరియమ్మా, గుడ్డు ఒలిచి నా చేతుల పెట్టు, ఆకలైతాంది" అన్నాను. లొట్టలు వేసుకుంటూ తిన్నాను. ఎదురుగా ఉన్న బొద్దు పిల్ల ఒకతె నా నోరే చూసి చూసి, తన గుడ్డు తీసి కొరికింది. ఆమెను చూసి ఇంకొకరు. శనివారానికి అందరూ తింటున్నారు. మొదట నెట్టేసిన పిల్లవాడు "ఇంకోటి గావాలె" అని ఏడుపు మొదలుపెట్టాడు.

ఆ రోజు నేను గెలిచాననుకున్నాను. గెలిచింది నిజమే. కానీ ఆ గెలుపు నెత్తికెక్కింది. ఒక్కరిని తిప్పితే చాలు, అందరూ తిరుగుతారని ఒక కిటుకు దొరికింది కదా, ఇక అన్నిటికీ అదే వాడాను. చురుకైన పిల్లను ముందు కూర్చోబెట్టడం, ఆమెతో పాట పాడించడం, తక్కినవాళ్లు అందుకోవడం. చేతులు కడగడం, వరుసలో నిలబడటం, మధ్యాహ్నం పడుకోవడం, అన్నీ అంతే. నా పని సగం తగ్గింది.

అప్పటి మా సూపర్‌వైజర్ మేడంకు అది బాగా నచ్చింది. చెడ్డ మనిషి కాదు, కానీ ఎప్పుడూ తొందర. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి స్కూటీ మీద ఉరుకులు. వచ్చినప్పుడల్లా "పాట పాడించు బాలమణీ" అనేది. ముప్పై చేతులు ఒకేసారి ఏనుగు తొండంలా ఊగితే మురిసిపోయేది. "మీ పిల్లలు మిలిటరీ లెక్కున్నరు!" అనేది. పై ఆఫీసర్లెవరొచ్చినా మా కేంద్రానికే తీసుకొచ్చేది. నేనూ పొంగిపోయేదాన్ని, అబద్ధమెందుకు. ముప్పై మంది ఒకేసారి చేస్తుంటే ఎవరికి వచ్చో ఎవరికి రాదో ఎట్లా తెలుస్తుందని ఆమె అడగలేదు, నాకూ తట్టలేదు.

మగ్గం ఇంటి పిల్ల

మంజుల మూడేళ్లు నిండగానే వచ్చింది. వాళ్లమ్మ అనసూయ, నాయిన ఇద్దరూ చీరలు నేసేవాళ్లే. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, మూలన అవ్వ నూలు కండెలు చుట్టే రాట్నం. పొద్దుటి నుంచీ టకటకమని ఒకటే మోత.

మగ్గాల ఇళ్ల సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మగ్గం నడుస్తుంటే ఎవరూ ఎవరినీ నోటితో పిలవరు. పిలిచినా వినబడదు. నేసేవాళ్లకు కాళ్లూ చేతులూ ఖాళీ ఉండవు. పిల్ల కావాలంటే అనసూయ ఒక ఖాళీ కండె తీసి ఆ పిల్ల ముందు పడేలా విసిరేది. పిల్ల తలెత్తి చూసేది. నీళ్లు కావాలంటే బొటనవేలు నోటికి చూపడం, బయటికి పొమ్మంటే గడ్డంతో గుమ్మం వైపు చూపడం. ఆ వీధిలో అన్ని ఇళ్లలో పిల్లలు అలాగే పెరుగుతారు. కాబట్టి పిలిస్తే పలకని పిల్ల, సైగకు పరిగెత్తే పిల్ల ఆ ఇంట్లో ఎవరికీ వింతగా తోచలేదు.

"మాటలు ఇంకా వస్తలేవు టీచరమ్మా" అని మొదటిరోజు అనసూయ నాతో అన్నది. అవ్వ వెంటనే అందుకుని, "మా ఇంట్ల అందరికీ లేటే. వాళ్ల నాయిన గూడ నాలుగేండ్లకు మాట్లాడిండు" అన్నది. నేనేమన్నాను? "పిల్లలల్ల పడితే అవే వస్తయి, ఏం ఫికర్ చెయ్యకు." ఎంతమందికి ఆ మాట చెప్పానో! చాలామందికి నిజమే అయింది. అందుకే నోట్లో అంత సులువుగా ఆడింది.

మంజుల అందరికంటే వెనుక వరుసలో గోడకు ఆనుకుని కూర్చునేది. భయమనుకున్నాను. అక్కడి నుంచైతే అందరూ కనిపిస్తారని కూర్చుందని ఇప్పుడు తెలుసు. పక్కనే రేణుక అనే గలగలా మాట్లాడే పిల్ల. రేణుక లేస్తే మంజుల లేచేది, రేణుక చేతులు కడిగితే కడిగేది. పాట మొదలైతే అందరి చేతులూ లేచాక, ఒక్క క్షణం ఆగి మంజుల చేతులు లేచేవి. పెదాలు కూడా ఆడించేది, సన్నగా ఏదో శబ్దం చేసేది. అన్ని గొంతుల మధ్య అది కలిసిపోయేది. ఆ ఒక్క క్షణం ఆలస్యం నేను చూడలేదా అంటే చూశాను. ఒద్దికైన పిల్ల, తొందరపడదు అనుకున్నాను.

హాజరు పిలిచినప్పుడూ అంతే. తన ముందు పేరు రేణుకది. రేణుక "వచ్చిన టీచర్" అని చేయి దించగానే మంజుల చేయి ఎత్తేది. రేణుక రానిరోజున తక్కినవాళ్లు గిల్లి చెప్పేవాళ్లు. అల్లరి లేదు, ఏడుపు లేదు, పెట్టింది తినేది. తక్కిన తల్లులతో "మంజులను చూసి నేర్సుకోమనుండ్రి" అని కూడా అన్నాను. ఇది రాస్తుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

నేను చెప్పిన జవాబు

తెలుసుకునే వీలు నాకు రెండుసార్లు దొరికింది.

మొదటిసారి మరియమ్మ చెప్పింది. అన్నం పెడుతూ పిల్లల వెనుక తిరిగేది ఆమే కదా. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "అక్కా, గా మంజుల వెనుకనుంచి పిలిస్తే చూస్తలేదు. రెండు మూడు సార్లు చూసిన" అన్నది.

"ఆటల పడితే ఏ పిల్ల చూస్తది మరియమ్మా? నువ్వు నీ పప్పు సంగతి చూడు" అన్నాను.

ఆమె లోపలికి పోయింది. ఆమె వండిన గుడ్డు ముట్టని ఇంటికి పోయి కొట్లాడినదాన్ని నేను. ఆమె మాటను మాత్రం ఆయమ్మ మాటే కదా అని కొట్టిపారేశాను.

రెండోసారి, ఊళ్ళు తిరిగి పసిపిల్లలను పరీక్ష చేసే డాక్టర్లు వచ్చారు. పిల్లలను వరుసలో నిలబెట్టాను. డాక్టరమ్మ ఒక్కొక్కరి కళ్లు, పళ్లు, గోళ్లు చూసి "నీ పేరేంది?" అని అడుగుతోంది. పిల్లలు చెప్పి పక్కకు పోతున్నారు. మంజుల వంతు వచ్చింది. ముందువాళ్లను చూసిందిగా, కళ్లు పెద్దవి చేసింది, నోరు తెరిచింది, నాలుక చూపింది. డాక్టరమ్మ పేరు అడిగింది. మంజుల నవ్వింది. డాక్టరమ్మ మళ్లీ అడిగింది. వెనుక ఇంకా చాలామంది ఉన్నారు, అన్నం వేళ అవుతోంది. నేను ముందుకు వంగి చెప్పాను.

"మంజుల, మేడం. జర సిగ్గెక్కువ."

డాక్టరమ్మ రాసుకుని తర్వాతి పిల్లను పిలిచింది. ఆమెను తప్పు పట్టను. ఆ పిల్లను రోజూ చూసే టీచరు చెప్పిందంటే ఎవరైనా నమ్ముతారు. సిగ్గు అనే ఒక్క మాటతో ఆ పిల్ల నోటికి తాళం వేసింది నేను.

అందరూ పెండ్లికి పోయిన రోజు

మంజులకు ఐదేళ్లు నిండబోతున్నాయి. పక్క ఊళ్ళో పెద్ద పెండ్లి. సగం ఊరికి చుట్టరికం, పిల్లలందరూ అటే పోయారు. మరియమ్మకు ఆరోజు సెలవిచ్చాను. అనసూయ వాళ్లకు షావుకారు తొందరపెడుతున్న చీర ఉంది, వాళ్లు పోలేదు. పొద్దున్నే అవ్వ మంజులను గుమ్మంలో దింపి పోయింది.

పిల్ల గుమ్మంలోనే నిలబడిపోయింది. గదిలో ఒక్కరూ లేరు. "రా బిడ్డా, కూసో" అన్నాను, బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే. రాలేదు. ఇంకోసారి అన్నాను. తలెత్తి చూస్తే, ఆ పిల్ల కళ్లు గదంతా వెతుకుతున్నాయి. చెప్పులు విడవాలా, చాప మీద కూర్చోవాలా, చేతులు కడగాలా, ఏదీ తోచడం లేదు. రెండేళ్లుగా రోజూ చేసిన పనులు! చూసి చేయడానికి ఒక్క పిల్ల లేకపోయేసరికి నిలువునా నిలబడిపోయింది. భయంతో పెదవి వణికింది.

చేయి పట్టుకుని లోపలికి తెచ్చి కూర్చోబెట్టాను. వెనక్కి పోయి "మంజులా" అన్నాను. కదలలేదు. గట్టిగా అన్నాను. పెద్ద గిన్నె మీది మూత తీసి బండ మీద పడేశాను. ఆ చప్పుడుకు బయట పడుకున్న కుక్క లేచి ఉరికింది. మంజుల గోడ మీది బొమ్మలు చూస్తూ అలాగే కూర్చుని ఉంది.

అక్కడే కూర్చుని ఏడ్చాను. ఏడుస్తున్న నన్ను చూసి ఆ పిల్ల దగ్గరికొచ్చి, తనూ మొహం అలాగే పెట్టి ఏడుపు మొదలుపెట్టింది. నన్ను చూసి చేస్తోంది.

మధ్యాహ్నం వాళ్లింటికి పోయి చెప్తే మొదట నమ్మలేదు. మగ్గాలు రెండూ ఆపించి, వెనుక నిలబడి వాళ్ల నాయినతోనే పిలిపించాను. ఆయన మూడుసార్లు పిలిచి మగ్గం గుంటలోనే కూలబడ్డాడు.

ముందు జిల్లా దవాఖానకు, అక్కడి నుంచి పట్నానికి తోలుకపోయాం. నేనూ పోయాను. పట్నం డాక్టరు కాగితాలు చూసి, "ఇంత ఆలస్యంగా తెచ్చారేంటమ్మా? రెండేళ్ల కిందట తెచ్చుంటే వేరు. ఆపరేషన్‌కు వయసు దాటింది. చెవికి పెట్టే మిషన్ ఇస్తాం, కొద్దిగా వినబడుతుంది, కానీ మాటలు రావడం కష్టం" అన్నాడు. తర్వాత, "రెండేళ్ల నుంచి అంగన్‌వాడీకి పోతోందంటున్నారు, అక్కడ టీచరు చూడలేదా?" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. అనసూయే అన్నది, "మా టీచరమ్మ మంచిగనే చూసుకుంటది సారూ. ఆమెనే కనిపెట్టింది."

తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. తిరుగు బస్సులో షాద్‌నగర్ దాటేదాకా ఆ తల్లి మొహం చూడలేకపోయాను. మర్నాడు కేంద్రానికి పోగానే మరియమ్మ ముందు నిలబడి, "నువ్వు చెప్పినవు, నేను ఇనలే" అన్నాను. "నేను గూడ ఇంకోసారి చెప్పకపోతి గదక్కా" అన్నది మరియమ్మ. ఆ తప్పులో ఆమెకు వాటా లేదు.

చెవికి దారం

మిషన్ వచ్చింది. పెట్టి పంపిస్తే రెండోరోజు నుంచే మంజుల దాన్ని తీసి లంగా బొడ్లో దోపుకునేది. నొప్పేమో అనుకున్నాం. కాదు. ఎవరి చెవికీ లేనిది తన చెవికి ఎందుకని. అందరిలా ఉండటమే ఆ పిల్ల నేర్చుకున్న విద్య. మేం ఇప్పుడు అందరిలా ఉండొద్దంటున్నాం.

అప్పుడు నా పాత కిటుకునే తీశాను. వాళ్లింటి నుంచి రంగు దారం తెచ్చి నా చెవి చుట్టూ చుట్టుకుని కేంద్రానికి పోయాను. మరియమ్మా చుట్టుకుంది. రేణుక "నాకు గూడ!" అన్నది. వారంలో అందరి చెవులకూ ఎర్రదారాలు. మంజుల చుట్టూ చూసి, బొడ్లోంచి మిషన్ తీసి నా చేతికిచ్చింది, పెట్టమని. కొన్ని నెలలు తీయలేదు. ఒకరోజు మూత పడితే ఇటు తిరిగింది. మరియమ్మా నేనూ చేతులు పట్టుకుని ఎగిరాం, పిచ్చోళ్ల లెక్క.

తర్వాత పెద్దబడికి పోయింది. అక్కడ ఎవరి చెవికీ దారం లేదు. నేను పోయి సార్లతో మాట్లాడాను, రెండుసార్లు పోయాను, విన్నారు, తలకాయలూపారు. పిల్లలు నవ్వారట. మిషన్ ఇంట్లో డబ్బాలోకి పోయింది, బ్యాటరీలు మార్చేవాళ్లు లేక అక్కడే ఉండిపోయింది. పట్నంలో వినబడని పిల్లల బడికి పంపమన్నాను. ఆడపిల్లను అంతదూరం ఎట్లా పంపుతామన్నారు. నేనూ ఇంకా గట్టిగా కొట్లాడాల్సింది.

ఆ తర్వాత నేను పని చేసినన్నాళ్లూ, ప్రతి పిల్లతోనూ విడిగా కూర్చునేదాన్ని. మీరూ కూర్చోండి. నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని అడగండి. వెనుకనుంచి పిలవండి. పిల్లను అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పకండి, ఎంత ఆలస్యమైనా సరే. అందరూ ఒకేసారి చేతులెత్తితే మురిసిపోకండి, ఎవరు ఎవరిని చూసి ఎత్తుతున్నారో చూడండి. ఆయమ్మ ఏదైనా చెప్తే చేతిలో పని వదిలిపెట్టి వినండి.

తలూపింది

రిటైరైన నెలకు అనసూయ ఇంటికి పోయాను. మంజుల ఏడో తరగతితో బడి మానేసింది. ఇప్పుడు వాళ్లమ్మ పక్క మగ్గం మీద కూర్చుని నేస్తోంది. అంచు మీద బుటా ఎంత సాఫుగా వస్తోందో! "ఏం చెప్పే పనే లేదు టీచరమ్మా, చూస్తే పట్టేస్తది" అన్నది అనసూయ సంబరంగా. మంజుల నన్ను చూసి నవ్వింది. అదే నవ్వు.

ఇన్నేళ్లూ ఆ పిల్లకు ఒక మాట చెప్పాలని ఉంది నాకు. మగ్గాలు ఆపమన్నాను. ఎదురుగా కూర్చుని, ఆమె చేతులు పట్టుకుని, పెదాలు కనిపించేలా మెల్లగా చెప్పాను. "నిన్ను నేను చూడలే బిడ్డా. తప్పు నాది. నన్ను మన్నిస్తవా?"

మంజుల తలూపింది. నాకు ఒక్కసారిగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అనసూయ కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఏమన్నా గట్లనే తలూపుతది టీచరమ్మా. అర్థం గాకపోయినా ఊపుతది, ఎదుటోళ్లు బాధపడొద్దని" అన్నది.

అడగకుండా ఉండాల్సింది. కానీ మాట తిప్పి అడిగాను. అదే మెల్లగా, అలాగే ఆమె చేతులు పట్టుకుని అడిగాను.

"నన్ను మన్నించవు గదా?"

నా మొహంలోకే చూస్తూ, అలాగే నవ్వుతూ, మంజుల మళ్లీ తలూపింది.